మూడు తలుపులు తట్టే ఒకే జబ్బు

తాండూరు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి రెండు: ఇళ్ల ముందు పరిచే బండలు, కందిపప్పు. వికారాబాద్ అంటే అనంతగిరి కొండలు, ఆదివారం ట్రిప్పు, బైకుల మీద ఫొటోలు. ఈసారి ఆ రెండు ఊళ్ల పేర్లు ఒక జబ్బు గురించి చెప్పడానికి వాడుకుంటున్నాను. అది అక్కడ పుట్టిన జబ్బు కాదు, అక్కడ ఎక్కువగా వచ్చేది అంతకన్నా కాదు. పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో కొత్తగా బయటపడేంత అరుదైనది. మరి ఆ ఊళ్లే ఎందుకు? ఎందుకంటే ఏ అరుదైన జబ్బూ పెద్దాసుపత్రిలో మొదలవదు. ఊళ్లో, ఇంట్లో, మెడికల్ షాపు కౌంటర్ ముందు మొదలవుతుంది. అక్కడ దాన్ని ఎవరైనా గుర్తుపడతారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఒక మనిషిని ఊహించుకుందాం. నిజమైన వ్యక్తి కాదు, ఉదాహరణకు మాత్రమే. తాండూరు పక్కన నాపరాయి గనిలో పనిచేసే పాతికేళ్ల కుర్రాడు. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే మూత్రం కోలా రంగులో వస్తోంది, మధ్యాహ్నానికి మామూలైపోతోంది. "ఎండలో పని కదా, వేడి చేసిందిలే" అని ఇంట్లో సబ్జా గింజల నీళ్లు ఇస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు కొంచెం పచ్చగా ఉన్నాయి. "కామెర్లేమో" అని ఎవరో పసరు మందు పోయించారు, ఇంకెవరో రక్తం పట్టడానికి టానిక్ రాసిచ్చారు. ఆ తర్వాత ఒక రోజు తొడ మీద అరచేయంత మచ్చ లేచింది. ఎర్రగా మొదలై, ఊదారంగుకు తిరిగి, మధ్యలో నల్లబడింది. ముట్టుకుంటే ప్రాణం పోయే నొప్పి. "బండ తగిలిందేమో, ఏదో పురుగు ముట్టిందేమో" అని ఆయింట్‌మెంట్ రాశారు.

మూత్రానికి ఒక తలుపు, నీరసానికి ఒక తలుపు, చర్మానికి ఒక తలుపు. మూడింటి వెనకా ఉన్నది ఒకే జబ్బు. కానీ ఏ తలుపు దగ్గరా మిగతా రెండింటి గురించి ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం ఆ మూడో తలుపు గురించి, అంటే చర్మం మీది మచ్చ గురించి. మూడింటిలో ఎక్కువ తొందర పెట్టాల్సింది అదే.

పేరు పొడుగు, కథ పాతది

జబ్బు పేరు పరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా. క్లుప్తంగా పీఎన్‌హెచ్. విడదీస్తే సులువే: ఉన్నట్టుండి విడతలు విడతలుగా, రాత్రిపూట, మూత్రంలో హీమోగ్లోబిన్ పోవడం. 1882లో జర్మనీలో పాల్ స్ట్రూబింగ్ అనే డాక్టర్ 29 ఏళ్ల యువకుడి గురించి రాశాడు. అతను బండ్లు తయారుచేసే వడ్రంగి. నీరసం, కడుపునొప్పి, పొద్దున్నే ముదురు రంగు మూత్రం. జబ్బు ఎక్కువైనప్పుడు అతని రక్తంలోని ప్లాస్మా కూడా ఎర్రగా ఉందని స్ట్రూబింగ్ గమనించాడు. అంటే ఎర్ర కణాలు పగులుతున్నది కిడ్నీలో కాదు, రక్తనాళాల్లోనే అని అర్థం. మైక్రోస్కోపు, కంటిచూపు తప్ప పెద్దగా ఏమీ లేని రోజుల్లో చేసిన ఆ తీర్పు ఈరోజుకీ సరైనదే.

అయితే రాత్రి సంగతిలో మాత్రం మొదటి ఊహ నిలబడలేదు. నిద్రలో రక్తం కాస్త ఆమ్లంగా మారి కణాలు పగులుతాయని అప్పట్లో అనుకున్నారు. నిజానికి కణాలు రోజంతా పగులుతూనే ఉంటాయి. రాత్రంతా మూత్రం సంచిలో నిలవ ఉండి చిక్కబడుతుంది కాబట్టి పొద్దున రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే. ఇంకో మాట. పేరులోనే ఉన్న ఆ ఎర్ర మూత్రం మొదటి లక్షణంగా కనిపించేది సుమారు నలుగురిలో ఒకరికే. మిగతావాళ్లకు రక్తహీనతగానో, ప్లేట్‌లెట్లు తగ్గడంగానో, కడుపునొప్పిగానో, ఒక్కోసారి నేరుగా రక్తపు గడ్డగానో మొదలవుతుంది. పేరు చూసి జబ్బును వెతికితే నలుగురిలో ముగ్గురిని వదిలేస్తాం.

ఐడీ కార్డు లేని కణం

మన రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ ఉంటుంది. మెచ్చుకోలు అని అర్థం వచ్చే మాట కాదిది. యాంటీబాడీలకు తోడుగా నిలిచేది కాబట్టి ఆ పేరు. ఇది ముప్పైకి పైగా ప్రొటీన్ల గొలుసు. ఒకటి ఇంకొకదాన్ని లేపుతుంది, అది మరో పదింటిని లేపుతుంది. చివరకు కొన్ని ప్రొటీన్లు కలిసి శత్రుకణం పొరకు చిల్లు పెడతాయి. నీళ్లు లోపలికి దూరి కణం పగిలిపోతుంది.

ఈ వ్యవస్థలో ఒక చిక్కుంది. ఇది ఎప్పుడూ కొద్దికొద్దిగా ఆన్‌లోనే ఉంటుంది, పైగా శత్రువు ఎవరో మనవాడు ఎవరో దానికి దానంతట అది తెలియదు. అందుకని మన కణాలే పైన రెండు రకాల కాపలా ప్రొటీన్లు పెట్టుకుని తిరుగుతాయి. సీడీ55 గొలుసును మధ్యలోనే ఆపుతుంది. సీడీ59 చివరి చిల్లు పడకుండా అడ్డుకుంటుంది. క్యాంపస్ గేటు దగ్గర మెళ్లో వేసుకునే ఐడీ కార్డుల్లాంటివి ఇవి.

ఆ కార్డులు కణానికి అతుక్కోవడానికి ఒక ట్యాగ్ కావాలి. దాని పేరు జీపీఐ లంగరు. కొవ్వు, చక్కెరలతో తయారయ్యే చిన్న కొక్కెం అది. దాన్ని తయారుచేయడానికి ఇరవైకి పైగా జన్యువులు పనిచేస్తాయి. మొదటి మెట్టుకు అవసరమైన జన్యువు పీఐజీ-ఏ. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మిగతా జన్యువులకు ఒక్కోటి రెండు కాపీలు. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. పీఐజీ-ఏకి ఆ సౌకర్యం లేదు. మగవాళ్లలో ఎక్స్ ఒకటే. ఆడవాళ్లలో రెండున్నా ప్రతి కణంలో ఒకటి నిద్రలోనే ఉంటుంది. అంటే బ్యాకప్ లేని సర్వర్. ఒక్క బగ్ చాలు. 1993లో జపాన్‌లోని ఒసాకాలో తారో కినోషితా బృందం ఈ జన్యువును పట్టుకుంది.

ఎముక మజ్జలోని ఒక మూలకణంలో ఈ జన్యువు చెడితే, దాని నుంచి పుట్టే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఐడీ కార్డు లేకుండానే బయటికొస్తాయి. అలాంటి కణాలు ఆరోగ్యవంతుల్లోనూ అరా కొరా ఉంటాయి, ఏమీ చేయవు. మజ్జ మీద రోగనిరోధక శక్తే దాడి చేసినప్పుడు మాత్రం కథ మారుతుంది. ఆ దాడిలో మామూలు మూలకణాలు పోతాయి, లంగరు లేనివి తప్పించుకుని మజ్జనంతా ఆక్రమిస్తాయి అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అందుకే మజ్జ ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాకూ పీఎన్‌హెచ్‌కూ దగ్గరి చుట్టరికం. ఆసియా దేశాల రోగుల్లో ఈ మజ్జ వైఫల్యం ముఖం ఎక్కువగా, గడ్డల ముఖం పాశ్చాత్య దేశాల కన్నా తక్కువగా కనిపిస్తుంది. తక్కువ అంటే లేదని కాదు.

రక్తం పలచబడిన మనిషిలో గడ్డ ఎందుకు కడుతుంది?

ఇక్కడే చాలామందికి అనుమానం వస్తుంది. ఎర్ర కణాలు తగ్గాయి, ప్లేట్‌లెట్లు కూడా తగ్గొచ్చు. అలాంటప్పుడు రక్తం కారిపోవాలి గానీ గడ్డ కట్టడమేంటి? కారణాలు కనీసం మూడున్నాయి.

ఒకటి, ప్లేట్‌లెట్లకు కూడా సీడీ59 లేదు. కాంప్లిమెంట్ వాటి మీద పడ్డప్పుడు అవి ఎర్ర కణాల్లా ఊరికే పగిలిపోవు. దెబ్బతిన్న పొర ముక్కను బయటికి విసిరేస్తాయి. ఆ విసిరిన నలుసుల ఉపరితలం గడ్డకట్టే ప్రక్రియకు మంచి వేదిక. ప్లేట్‌లెట్లు సంఖ్యలో తక్కువ, కానీ ఉన్నవి రెచ్చిపోయి ఉన్నాయి.

రెండు, పగిలిన ఎర్ర కణాల్లోంచి హీమోగ్లోబిన్ రక్తంలోకి ఒలికిపోతుంది. రక్తనాళాల గోడలు మెత్తగా, వదులుగా ఉండటానికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కావాలి. ఒలికిన హీమోగ్లోబిన్ దాన్ని దొరికినంతా మింగేస్తుంది. నాళాలు బిగుసుకుంటాయి, ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి. కడుపునొప్పి, మింగేటప్పుడు గొంతులో పట్టేసినట్టుండటం, మగవాళ్లలో అంగస్తంభన సమస్య కూడా ఈ వాయువు కొరత వల్లే. సిగ్గుపడి చెప్పకుండా దాచే లక్షణం కూడా ఇక్కడ ఒక ఆధారమే.

మూడు, కట్టిన గడ్డను కరిగించే ఏర్పాటులోని ఒక గ్రాహక ప్రొటీన్ కూడా కణానికి జీపీఐ లంగరుతోనే అతుక్కుంటుంది. లంగరు లేకపోతే అదీ లేదు. కట్టడం సులువైంది, కరగడం కష్టమైంది.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో అంకెల్లో చూడండి. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 1940 నుంచి 1970 మధ్య చేరిన 80 మంది పీఎన్‌హెచ్ రోగుల చరిత్రను పీటర్ హిల్మెన్, ఆయన సహచరులు 1995లో ప్రచురించారు. అందులో 31 మందికి, అంటే దాదాపు 39 శాతం మందికి, సిరల్లో గడ్డలు కట్టాయి. సగం మంది పదేళ్లకు మించి బతకలేదు. మరి కొందరికి మాత్రం ఏళ్ల తర్వాత జబ్బు దానంతట అదే తగ్గిపోయింది! పదేళ్లు దాటి బతికిన 35 మందిలో 12 మంది అలాంటివాళ్లే. ఎవరినైనా గడ్డల నుంచి కాపాడి ముందుకు నడిపిస్తే జబ్బే వాళ్లను వదిలిపోయే అవకాశం కూడా ఉందన్నమాట.

చర్మం మీద అది ఎలా ఉంటుంది

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పోతుంది. కాగ్నా తాండూరు మీదుగా పడమటికి పోయి భీమాలో కలుస్తుంది. పెద్ద నదిలో అడుగున ఏముందో గట్టు మీద నిలబడితే కనిపించదు. చిన్న వాగుకు చెత్త అడ్డం పడితే మాత్రం నీళ్లు పొలంలోకి ఎక్కి ఊరందరికీ తెలుస్తుంది. చర్మంలోని సన్నటి సిరలు అలాంటి వాగులు. వాటిలో గడ్డ అడ్డం పడితే రక్తం వెనక్కి తన్ని, చర్మం ఉబ్బి, రంగు మారుతుంది.

పీఎన్‌హెచ్‌లో ఈ మచ్చలు సాధారణంగా ఉబ్బెత్తుగా, ఎర్రగా లేక ఊదారంగులో, విపరీతమైన నొప్పితో వస్తాయి. చేతులు, కాళ్లు, వీపు, పొట్ట ఎక్కడైనా రావచ్చు. ఒక్కోసారి చాలా పెద్ద ప్రాంతమంతా కమిలిపోతుంది. రక్తపు బొబ్బలు లేస్తాయి. కొన్ని రోజుల్లోనో వారాల్లోనో వాటంతట అవే తగ్గి, మళ్లీ ఇంకోచోట రావచ్చు. ముదిరితే చర్మం చచ్చిపోయి నల్లటి పెచ్చు కట్టి, ఊడి, లోతైన పుండవుతుంది. అప్పుడు చర్మం అతికించాల్సి వస్తుంది. చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే సన్న నాళాల్లో గడ్డలు కనిపిస్తాయి, కానీ నాళం గోడలో వాపు పెద్దగా ఉండదు. చర్మ నిపుణులకు ఆ తేడా పెద్ద సూచన.

అలాగని నల్లబడిన ప్రతి మచ్చా పీఎన్‌హెచ్ కాదు. వందకు తొంభై తొమ్మిదిసార్లు దెబ్బ దెబ్బే, పురుగు పురుగే. చర్మం కింద గడ్డకట్టే జబ్బులు వేరేవి కూడా ఉన్నాయి. పుట్టుకతోనే ప్రొటీన్ సీ లేని పసిపిల్లలకు ఒళ్లంతా ఇలా నల్లబడుతుంది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌లో చర్మం మీద వలలాంటి ఊదా గీతలు పడతాయి. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, హెపారిన్ లాంటి మందులే అరుదుగా చర్మాన్ని నల్లబరుస్తాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలోనూ ఇది జరుగుతుంది. ఇందులో ఏది ఏదో తేల్చాల్సింది డాక్టర్. మన పని ఒక్కటే: మచ్చతో పాటు మూత్రం రంగు, నీరసం, కడుపునొప్పి కూడా చెప్పడం. అడగకపోయినా చెప్పడం.

కనిపించేది మచ్చ, భయపడాల్సింది లోపల

చర్మం మీది గడ్డతో మనిషి చనిపోవడం అరుదు. కానీ చర్మంలో గడ్డ కట్టిన రక్తమే కాలేయంలోనూ, పేగుల్లోనూ, మెదడులోనూ తిరుగుతోంది. పీఎన్‌హెచ్‌కు ఒక చెడ్డ అలవాటుంది. మామూలుగా గడ్డలు కాలి పిక్కలో కడతాయి. ఈ జబ్బులో మాత్రం ఎవరూ ఊహించని చోట కడతాయి. కాలేయం నుంచి రక్తం బయటికొచ్చే సిరలు మూసుకుపోతే పొట్ట కుడివైపు నొప్పి, పొట్టలో నీరు. దాన్ని బడ్-కియారీ సిండ్రోమ్ అంటారు. పేగుల సిరలు మూసుకుపోతే ఆగకుండా కడుపునొప్పి. మెదడు సిరల్లో అయితే ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్. ఆధునిక మందులు రాకముందు ఈ జబ్బులో మరణాలకు మొదటి కారణం ఈ గడ్డలే.

కాబట్టి ఆ తొడ మీది మచ్చను పుండుగా కాదు, కబురుగా చూడాలి. మచ్చకు ఆయింట్‌మెంట్ రాస్తే కబురు తెచ్చినవాడికి కట్టు కట్టి, కబురు చదవకుండా పంపినట్టే.

తాండూరులోనే దొరికే ఆధారాలు

ఇంత అరుదైన జబ్బును చిన్న ఊళ్లో ఎలా పట్టుకుంటారు అనిపించొచ్చు. పూర్తిగా తేల్చడం కష్టమే, అనుమానించడం మాత్రం కష్టం కాదు. దానికి కావాల్సినవన్నీ మామూలు ల్యాబులోనే ఉంటాయి.

ఎర్రటి మూత్రాన్ని ఒక గాజు గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. కిడ్నీలో రాయి వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో రక్తం పడుతుంటే ఎర్ర కణాలు అడుక్కి దిగి పైన తేటగా ఉంటుంది. హీమోగ్లోబిన్ అయితే ఎంత తిప్పినా రంగు పైనుంచి కింద దాకా ఒకేలా ఉంటుంది. పరీక్ష పట్టీ "రక్తం ఉంది" అంటుంది, మైక్రోస్కోపు "కణాలు లేవు" అంటుంది. ఆ రెండు మాటలు పొంతన లేకుండా ఉండటమే ఆధారం. (కండరాలు దెబ్బతిన్నా ఇలాగే రావచ్చు, అందుకే తర్వాతి పరీక్షలు.)

సీబీపీలో హీమోగ్లోబిన్ తక్కువ, తరచుగా ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు కూడా తక్కువ. రక్తంలో ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ, ఎందుకంటే అది పగిలిన కణాల్లోంచి ఒలికే ఎంజైము. బిలిరుబిన్ పెరుగుతుంది, కళ్లు పచ్చబడేది అందుకే. అది లివరు జబ్బు కామెర్లు కాదు, పసరుతో తగ్గేదీ కాదు. యాంటీబాడీల వల్ల కణాలు పగులుతున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష మాత్రం నెగటివ్. కణాలు పగులుతున్నాయి, కూంబ్స్ నెగటివ్, పైగా ఎక్కడో గడ్డ. ఈ మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే పీఎన్‌హెచ్ పరీక్ష చేయించాల్సిందే.

ఆ పరీక్ష పేరు ఫ్లో సైటోమెట్రీ. మన ఇంజనీరింగ్ వాళ్లకు భలే నచ్చే యంత్రం. మామూలుగా చేతిలోంచి తీసిన రక్తమే చాలు. కణాలను ఒక సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి లైను కట్టించి, లేజర్ ముందు నుంచి పరిగెత్తిస్తారు. ముందే వాటికి మెరిసే రంగు కలిపి ఉంటుంది. లంగరు ఉన్న కణానికి రంగు అతుక్కుని మెరుస్తుంది, లేని కణం చీకటిగా దాటిపోతుంది. డిటెక్టర్ వేల కణాలను లెక్కపెట్టి ఎన్ని శాతం చీకటివో చెబుతుంది. ఇందులో ఫ్లేర్ అనే రంగు కారకం కథ ఇంకా బాగుంటుంది. ఒక బ్యాక్టీరియా విషం జీపీఐ లంగరునే పట్టుకుని కణంలోకి చిల్లు పెడుతుంది. ఆ విషానికి కోరలు పీకి, మెరిసే రంగు తగిలించి, లంగరు ఎక్కడుందో వెతికిపెట్టే పనికి పెట్టారు. 1930ల చివర్లో థామస్ హామ్ రూపొందించిన ఆమ్ల పరీక్ష దశాబ్దాల పాటు నడిచింది. ఇప్పుడు దాని స్థానం ఈ యంత్రానిదే.

శాతం ఊరికే చెప్పరు. తెల్ల కణాల్లో గ్రాన్యులోసైట్లనే రకంలో సగానికి పైగా లంగరు లేనివైతే పదేళ్లలో గడ్డ కట్టే అవకాశం 44 శాతం అనీ, అంతకన్నా తక్కువైతే 5.8 శాతమేననీ 2003లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం లెక్కగట్టింది. ఆ అంకెను బట్టే డాక్టర్లు ఎవరి విషయంలో ఎంత తొందరపడాలో ఆలోచిస్తారు.

వికారాబాద్‌లో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. రక్తవ్యాధుల నిపుణుల కోసం హైదరాబాద్ నిమ్స్ ఉంది, తాండూరులో రైలెక్కితే పూట ప్రయాణం. దూరం నిజానికి కిలోమీటర్లలో లేదు. "ఇవన్నీ ఒకే జబ్బు కావచ్చు" అని మొదటిసారి ఎవరో ఒకరు అనేదాకా పట్టే నెలల్లో ఉంది.

మందు ఉంది, ఖరీదే కొండంత

గడ్డ కట్టాక వెంటనే రక్తాన్ని పలచబరిచే మందులు మొదలుపెడతారు. కానీ మూలకారణం కాంప్లిమెంట్ కాబట్టి వాటితోనే ఆగదు. 2007లో అమెరికాలో ఎక్యులిజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. గొలుసులో సీ5 అనే ప్రొటీన్‌ను పట్టుకుని చిల్లు పడకుండా ఆపుతుంది. అది వాడాక గడ్డల రేటు, వంద మందిని ఏడాది పాటు గమనిస్తే, 7.37 నుంచి 1.07కి పడిపోయింది. చరిత్రలో ఈ జబ్బు మలుపు తిరిగింది అక్కడే. తర్వాత ఎనిమిది వారాలకోసారి ఇచ్చే రావులిజుమాబ్, ఇంకా ముందు మెట్టులో సీ3ని ఆపే పెగ్‌సెటాకోప్లాన్, 2023లో నోటితో మింగే ఇప్టాకోపాన్ అక్కడ అనుమతి పొందాయి. కాంప్లిమెంట్‌ను ఆపితే మెనింజైటిస్ తెచ్చే ఒక బ్యాక్టీరియా ముందు ఒళ్లు నిరాయుధమవుతుంది. అందుకే ముందు టీకా, ఆ తర్వాతే మందు. జ్వరమొస్తే ఇంట్లో కూర్చోకూడదు.

ధర సంగతి? 2010లో ఫోర్బ్స్ పత్రిక ఎక్యులిజుమాబ్‌ను ప్రపంచంలోకెల్లా ఖరీదైన మందుగా లెక్కకట్టింది, ఏడాదికి 4 లక్షల డాలర్లకు పైనే. గని కూలీ కుటుంబం ముందు ఆ అంకె పెట్టడమే ఎగతాళిలా ఉంటుంది. మన దేశంలో 2021లో జాతీయ అరుదైన వ్యాధుల విధానం వచ్చింది. జాబితాలోని వ్యాధులకు ఎంపిక చేసిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం ఇచ్చే ఏర్పాటు ఆ తర్వాత చేశారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి ఒక కేంద్రం. ఏ జబ్బుకు ఏ సాయం అందుతుందో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

ఖరీదైన మందు అందకపోయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. రక్తం ఎక్కించడం, మూత్రంలో పోయిన ఐరన్‌ను భర్తీ చేయడం, గడ్డలకు మందులు, అన్నదమ్ముల్లోనో అక్కచెల్లెళ్లలోనో మజ్జ కలిస్తే మార్పిడి. జబ్బును వేళ్లతో సహా తీసేయగల దారి ప్రస్తుతానికి మజ్జ మార్పిడి ఒక్కటే, ప్రమాదం కూడా ఉన్న దారి. ఇక రోజూ వేసుకునే చిన్న పసుపు మాత్ర ఫోలిక్ యాసిడ్. పగిలిపోతున్న కణాల స్థానంలో కొత్తవి తయారు కావాలంటే అది కావాలి. 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే ఆ మాత్ర వెనక ఒక తెలుగువాడి జీవితకాలపు శ్రమ ఉంది.

స్త్రీల విషయంలో రెండు జాగ్రత్తలు ప్రత్యేకం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు గడ్డల ముప్పును పెంచుతాయి కాబట్టి వాడకూడదు. గర్భం దాల్చాలనుకుంటే ముందే నిపుణులతో మాట్లాడాలి. ఆ నెలల్లో, కాన్పు తర్వాత కొన్ని వారాల్లో ముప్పు ఎక్కువ.

"వంశంలో ఉందా?" అనే ప్రశ్న

మన ఊళ్లలో రక్తం జబ్బు అనగానే వచ్చే మొదటి మాట ఇది. రెండో మాట పెళ్లి గురించి. తలసీమియా లాంటివి తల్లిదండ్రుల నుంచే వస్తాయి, మేనరికాల్లో ఆ ముప్పు పెరుగుతుంది, అది నిజం. పీఎన్‌హెచ్ అలా కాదు. జన్యువు చెడినమాట నిజమే, కానీ అది చెడింది పుట్టాక, మజ్జలోని ఒక కణంలో. అమ్మానాన్నల్లో లేదు, పిల్లలకు వెళ్లదు, అన్నదమ్ములకు రాదు. ముట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. వీపు మీద నల్లటి మచ్చలు చూసి "ఇదేదో పాడురోగం" అని దూరం జరిగే మనుషులకు ఈ ఒక్క పేరా చదివి వినిపించినా చాలు. జబ్బుకు మందు కొనిపెట్టలేకపోవచ్చు. నింద మోయకుండా చేయడానికి పైసా ఖర్చు లేదు.

ఒక పాత సూత్రం, కొత్తగా

అనంతగిరి కొండల మీద నిజాం కాలం నుంచీ క్షయ ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో చదువు రానివాళ్లు కూడా ఒక సూత్రం చెబుతారు: రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. బ్యాక్టీరియా పేరు వాళ్లకు అక్కర్లేదు. సూత్రం చాలు. పోస్టర్ల మీద, రేడియోలో, ఆశా కార్యకర్తల నోట పదే పదే విని అది ఊరి జ్ఞానమైపోయింది.

పీఎన్‌హెచ్‌కు అంత ప్రచారం జరగదు, జరగాల్సినంత మంది రోగులూ లేరు. కానీ సూత్రం మాత్రం అంతే చిన్నది. కారణం తెలియని రక్తహీనత, ముదురు రంగు మూత్రం, నొప్పితో నల్లబడే మచ్చ గానీ తగ్గని కడుపునొప్పి గానీ. ఇందులో ఏ రెండు ఒకే మనిషిలో కనిపించినా ఆ రెండూ ఒకే డాక్టర్‌కు, ఒకేసారి చెప్పాలి. మచ్చ నల్లబడుతుంటే అదే రోజు చెప్పాలి.

మనలో చాలామంది ఊరెళ్లినప్పుడు ఇంట్లోవాళ్ల రిపోర్టులు చదివిపెట్టే పని మనకే పడుతుంది. "ఏం రాశారో చూడరా" అని కాగితం చేతికిస్తారు. ఆ కాగితాన్ని ఒక్కదాన్నే చదవకండి. పోయిన నెలది, అంతకుముందుదీ తెప్పించి పక్కపక్కన పెట్టండి. మూత్రం రంగు గురించి, కడుపు గురించి, దాచుకున్న నొప్పి గురించి అడగండి. డాక్టర్ అవనక్కర్లేదు. మూడు తలుపుల దగ్గర చెప్పిన మూడు మాటలను ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లే మనిషైతే చాలు.